'గెట్' అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలి, ఎలా వాడాలి

ఇంగ్లీషు నేర్చుకునే పెద్దవాళ్ళకు సాయంత్రం వేళ పాఠాలు చెప్పడం మొదలుపెట్టినప్పటి నుంచి నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురైన ప్రశ్న ఒక్కటే: "ఈ 'గెట్' అంటే అసలు ఏమిటండీ? ఒక్కోచోట ఒక్కో అర్థం వస్తోంది, ఏది పట్టుకోవాలి?" నిఘంటువు తెరిస్తే పొందు, తెచ్చు, కొను, చేరు, అవు, పట్టుకొను, అర్థం చేసుకొను అంటూ పేజీ నిండిపోతుంది. ఆ జాబితాను బట్టీ పట్టి వచ్చినవాళ్ళు కూడా ఎదుటి మనిషి గబగబా ఒక వాక్యం అనేసరికి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. జాబితా తప్పని నేననను. అయితే 'గెట్' అర్థం 'గెట్'లో ఉండదు, దాని వెనువెంట వచ్చే మాటలో ఉంటుంది. కనుక అర్థాలను కాదు, ఆకారాలను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆ ఆకారాలు పదికి మించవు, వాటిలో చాలావాటికి తెలుగులో సిద్ధంగా జోడీ ఉంది.

ఈ మాట పాత నార్స్ అనే ఒకప్పటి స్కాండినేవియా భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది, అక్కడ దాని మొదటి అర్థం పొందడం. చరిత్ర ఇంతవరకు తెలిస్తే చాలు, ఇక పనిలోకి దిగుదాం.

కావలసినవి

ఒక రూళ్ళ నోటుపుస్తకం, ఒక పెన్సిలు, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన నిఘంటువు ఒకటి (ఫోనులో ఉన్నదైనా ఫరవాలేదు), మీరు రోజూ చదివే ఇంగ్లీషు పేజీ ఏదైనా ఒకటి. మాట కింద తెలుగు అర్థాలు మాత్రమే గుదిగుచ్చిన చిన్న డిక్షనరీ ఈ పనికి సరిపోదు, ఉదాహరణ వాక్యాలు ఉన్నదే కావాలి. రోజుకు ఇరవై నిమిషాల చొప్పున రెండు వారాలు కేటాయించండి.

1. ముందు 'గెట్' తరువాతి మాట కింద గీత గీయండి

చదువుతున్న పేజీలో గెట్, గెట్స్, గాట్, గెటింగ్, గాటెన్ అనే రూపాల్లో ఏది కనిపించినా దాని చుట్టూ సున్నా చుట్టి, దాని తరువాత వచ్చిన మాట లేదా మాటల కింద గీత గీయండి. అప్పుడే తెలుగులోకి మార్చడానికి తొందరపడవద్దు. ఆ గీత మీద ఉన్నది వస్తువు పేరా, గుణం చెప్పే మాటా, చోటును చెప్పే మాటా, క్రియ మూడో రూపమా (క్లాసుల్లో 'వి-త్రీ' అంటారే, అది), లేక 'టు'తో మొదలయ్యే క్రియా అన్నది మాత్రం పక్కన రాసుకోండి. మొదటి మూడు రోజులూ ఈ ఒక్క పనే చేయండి. చాలామంది ఈ మెట్టును దాటేసి నేరుగా అర్థం కోసం వెతుకుతారు, తరువాత వచ్చే తప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

2. వస్తువు పేరు వస్తే: ముందు 'వచ్చు', తరువాతే 'పొందు'

'ఐ గాట్ ఎ లెటర్' అన్న వాక్యాన్ని 'నేను ఉత్తరం పొందాను' అని మనలో ఎవరూ అనరు. 'నాకు ఉత్తరం వచ్చింది' అంటాం. తెలుగులో 'నాకు' అని మొదలై 'వచ్చింది' అని ముగిసే వాక్యం చాలా సందర్భాల్లో ఇంగ్లీషులో 'ఐ' అని మొదలై 'గాట్' అందుకుంటుంది. నాకు ఎనభై మార్కులు వచ్చాయి, నాకు జీతం వచ్చింది, నాకు జలుబు చేసింది, నాకు ఒక ఆలోచన వచ్చింది: 'ఐ గాట్ ఎయిటీ మార్క్స్', 'ఐ గాట్ మై శాలరీ', 'ఐ గాట్ ఎ కోల్డ్', 'ఐ గాట్ యాన్ ఐడియా'. ఈ ఒక్క జోడీ కుదిరితే మీరు రోజూ వినే 'గెట్'లలో పెద్ద భాగం తేలికైపోతుంది.

అదే ఆకారంలో పని మనిషి చేతిలో ఉన్నప్పుడు 'తెచ్చు', 'కొను', 'సంపాదించు' వస్తాయి. 'ఐ గాట్ సమ్ వెజిటబుల్స్ ఆన్ ది వే హోమ్' అంటే ఇంటికి వస్తూ దారిలో కూరగాయలు కొన్నాను అని. ఒకటి కాక రెండు పేర్లు వరుసగా వస్తే, అందులో మొదటిది మనిషైతే, అది 'తెచ్చిపెట్టు' అవుతుంది: 'గెట్ మీ ఎ గ్లాస్ ఆఫ్ వాటర్' అంటే నాకు గ్లాసుడు నీళ్ళు తెచ్చిపెట్టు.

హెచ్చరిక: తెలుగులో 'వచ్చు' అన్నచోటల్లా 'గెట్' పెట్టకూడదు. 'నాకు ఈత వచ్చు' అనేది 'ఐ కెన్ స్విమ్'. 'వర్షం వచ్చింది' అనేది 'ఇట్ రెయిన్డ్'. 'కరెంటు వచ్చింది' అనేది 'ది పవర్ ఈజ్ బ్యాక్'. 'నాకు సందేహం వచ్చింది' అన్న ఉద్దేశంతో 'ఐ గాట్ ఎ డౌట్' అనడం మన తరగతి గదుల్లో పాతుకుపోయింది. బయటి దేశాలవాళ్ళకు 'డౌట్' అంటే నమ్మకం లేకపోవడం అన్న భావమే ముందు తడుతుంది, కనుక వాళ్ళతో 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అనండి. సరిచూసుకునే దారి ఇది: వచ్చిన వస్తువు ఇప్పుడు మీ దగ్గర ఉందని చెప్పగలిగితే 'గెట్' సాధారణంగా సరిపోతుంది. ఉత్తరం మీ దగ్గరుంది, మార్కులు మీ పేరున ఉన్నాయి, వర్షం మాత్రం మీ దగ్గర లేదు.

3. గుణం చెప్పే మాట వస్తే: 'అవు'

'గెట్ ఓల్డ్', 'గెట్ యాంగ్రీ', 'గెట్ వెట్', 'గెట్ డార్క్', 'గెట్ టైర్డ్' ఇవన్నీ ఒక స్థితి నుంచి మరో స్థితికి మారడాన్ని చెబుతాయి. తెలుగులో ఆ మార్పుకు ఒక్కొక్క మాటకు ఒక్కొక్క క్రియ అతుక్కుని ఉంటుంది: ముసలివాడు అవుతాడు, కోపం వస్తుంది, బట్టలు తడుస్తాయి, చీకటి పడుతుంది, మనిషి అలసిపోతాడు. ఇంగ్లీషు ఇన్నిటికీ ఒక్క 'గెట్'తో సరిపెట్టుకుంటుంది. ఈ సంగతిలో మన భాషే కష్టమైనది, మీరు కష్టమైనదాని నుంచి సులువైనదానికి వెళుతున్నారు.

ఇక్కడ ప్రమాదమంతా 'బి'కీ (యామ్, ఈజ్, ఆర్ అనే రూపాల్లో కనిపించే క్రియ) 'గెట్'కీ మధ్య ఉంది. 'ఐ యామ్ మ్యారీడ్' అంటే నేను పెళ్ళయినవాణ్ణి, అది ఇప్పటి స్థితి. 'ఐ గాట్ మ్యారీడ్ ఇన్ 2015' అంటే ఆ సంవత్సరంలో నాకు పెళ్ళి జరిగింది, అది ఒకనాటి సంఘటన. 'నాకు పెళ్ళయింది' అన్న తెలుగు వాక్యం ఈ రెండిటికీ చెల్లుతుంది కాబట్టే మనకు తికమక. సంవత్సరమో, రోజో, 'నిన్న' అన్న మాటో చేర్చాలనిపిస్తే 'గాట్' వాడండి, 'ఇప్పుడు' అని చేర్చాలనిపిస్తే 'యామ్', 'ఈజ్', 'ఆర్' వాడండి. ఈ మాట దగ్గరే మరో రెండు తప్పులు ఎప్పుడూ వినబడుతుంటాయి. 'గాట్ మ్యారేజ్' అని ఉండదు. 'మ్యారీడ్ విత్' అని కూడా ఉండదు, ఫలానావారిని చేసుకున్నారని చెప్పాలంటే 'మ్యారీడ్ టు' అనాలి.

4. చోటు వస్తే: 'చేరు', 'ఎక్కు', 'దిగు'

'వుయ్ గాట్ టు విజయవాడ ఎట్ సిక్స్' అంటే ఆరింటికి విజయవాడ చేరాం. ఊరి పేరు ముందు 'టు' ఉండాలి. 'హోమ్', 'హియర్', 'దేర్' ముందు మాత్రం ఉండకూడదు: 'ఐ గాట్ హోమ్ లేట్'. బస్సు, రైలు, విమానం లాంటివి ఎక్కితే 'గెట్ ఆన్', దిగితే 'గెట్ ఆఫ్'. కారు, ఆటో లాంటివైతే 'గెట్ ఇన్', 'గెట్ ఔట్'. లేచి నిలబడి నడవగలిగే వాహనానికి మొదటి జత, వంగి కూర్చునే వాహనానికి రెండో జత అని గుర్తుపెట్టుకోండి. బస్సు దిగడాన్ని మనం 'గెట్ డౌన్' అంటాం. మన దేశంలో అది అందరికీ తెలుస్తుంది, దాని గురించి సిగ్గుపడవలసిన పని లేదు. బయటి దేశంలో మాత్రం ఆ మాటకు వంగు, నేల మీదికి ఒదుగు అన్న అర్థం తోస్తుంది కాబట్టి అక్కడ 'గెట్ ఆఫ్' అనడమే మంచిది.

5. క్రియ మూడో రూపం నేరుగా వస్తే: 'అయింది'

'హీ గాట్ సెలెక్టెడ్', 'మై బ్రదర్ గాట్ ట్రాన్స్‌ఫర్డ్', 'ది టికెట్ గాట్ కన్ఫర్మ్డ్'. వీటిని మనం రోజూ తెలుగులో అంటూనే ఉన్నాం: సెలెక్ట్ అయ్యాడు, ట్రాన్స్‌ఫర్ అయింది, కన్ఫర్మ్ అయింది. ఇంగ్లీషు క్రియను తెచ్చుకుని 'అవు' తగిలించే ఈ అలవాటు మనకు ఒక మేలూ ఒక కీడూ చేసింది. ఈ ఆకారం అర్థం వెంటనే తెలిసిపోవడం మేలు. మనం తెచ్చుకున్నది క్రియ మొదటి రూపం కావడంతో ఇంగ్లీషులో కూడా 'హీ గాట్ సెలెక్ట్', 'హీ గాట్ ప్రమోట్' అని నోరు జారడం కీడు. కనుక తెలుగులో 'అయ్యాడు' అన్నచోట ఇంగ్లీషులో ఆ మాట చివర 'డ్', 'టెడ్', 'న్' లాంటి మూడో రూపపు తోక ఉందో లేదో రాసేటప్పుడూ మాట్లాడేటప్పుడూ చూసుకోండి.

ఈ ఆకారం అనుకోకుండా జరిగినవాటికీ, మంచిగానో చెడ్డగానో మనిషిని తాకినవాటికీ బాగా నప్పుతుంది: 'గాట్ హర్ట్' (దెబ్బ తగిలింది), 'గాట్ కాట్' (దొరికిపోయాడు), 'గాట్ స్టోలెన్' (దొంగలెత్తుకుపోయారు). చరిత్ర చెప్పేటప్పుడు నప్పదు. చార్మినార్ 1591లో కట్టారని చెప్పాలంటే 'వాజ్ బిల్ట్' అనాలి, 'గాట్ బిల్ట్' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది.

6. మధ్యలో వస్తువు, తరువాత మూడో రూపం వస్తే: 'చేయించు'

ఈ మెట్టు దగ్గర నిదానంగా నడవండి. తెలుగువాళ్ళ ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువ అపార్థాలు పుట్టేది ఇక్కడే అని నా అనుభవం. ఇంగ్లీషులో దీనికి కావలసిన ఆకారం ఉన్నా మనం దాన్ని వాడం.

ఒక సోమవారం సాయంత్రం తరగతిలో, ఆదివారం ఏం చేశారో ఒక్కొక్కరూ చెప్పాలని అడిగాను. ముప్ఫై ఏళ్ళ అబ్బాయి లేచి, చెవుల పైన కొత్తగా నున్నగా దువ్విన జుట్టుతో, 'ఎస్టర్‌డే ఐ కట్ మై హెయిర్' అన్నాడు. అతని వెనక బెంచీలోని అమ్మాయి 'ఐ స్టిచ్డ్ టూ బ్లౌజెస్' అంది. ఆ పక్కనున్న పెద్దాయన 'ఐ రిపేర్డ్ మై బైక్' అన్నారు. ముగ్గురి వాక్యాల్లోనూ వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, కానీ ముగ్గురూ చెప్పదలచింది చెప్పలేదు. అబ్బాయి మంగలిషాపుకు వెళ్ళాడు, అమ్మాయి టైలరుకు గుడ్డ ఇచ్చింది, పెద్దాయన మెకానిక్ దగ్గర బండి వదిలారు. ఇంగ్లీషు వాక్యాల ప్రకారం మాత్రం కత్తెరా, సూదీ, పానా వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. తెలుగులో చెప్పమంటే ఆ ముగ్గురిలో ఒక్కరూ తప్పుచేయరు. జుట్టు కత్తిరించుకున్నాను అన్న మాట రెండు విధాలా చెల్లినా, బ్లౌజులు కుట్టించాను, బండి బాగుచేయించాను అనే అంటారు. కుట్టు, కుట్టించు, కట్టు, కట్టించు, రాయు, రాయించు, చేయు, చేయించు: ఈ తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చింది. క్రియ పొట్టలోనే 'ఇంచు' పెట్టుకునే భాష మనది. ఇంగ్లీషు క్రియకు ఆ సౌకర్యం లేదు, అందుకే అది 'గెట్' (లేదా 'హ్యావ్') సాయం తీసుకుని మాటల వరుసతో ఆ పని చేస్తుంది.

వరుస ఇది: ముందు 'గాట్', తరువాత వస్తువు, చివర మూడో రూపం. 'ఐ గాట్ మై హెయిర్ కట్.' 'ఐ గాట్ టూ బ్లౌజెస్ స్టిచ్డ్.' 'ఐ గాట్ మై బైక్ రిపేర్డ్.' 'ఐ గాట్ మై ఆధార్ అప్‌డేటెడ్.' 'ఐ గాట్ మై బ్లడ్ టెస్టెడ్.' అమెరికా వెళ్ళేవాళ్ళు వీసా స్టాంపింగ్ చేయించుకున్నాను అంటుంటారు, అది 'ఐ గాట్ మై వీసా స్టాంప్డ్'.

వరుస తప్పితే అర్థమే మారిపోతుంది. 'ఐ హ్యాడ్ మై హెయిర్ కట్' అంటే కత్తిరించుకున్నాను, అంటే వేరే మనిషి చేత. అవే మాటలను 'ఐ హ్యాడ్ కట్ మై హెయిర్' అని పేర్చితే అంతకుముందే నేనే నా చేత్తో కత్తిరించుకుని ఉన్నాను అని అర్థం. 'ఐ గాట్ కట్ మై హెయిర్' అంటే ఏ అర్థమూ రాదు.

ఫోటో సంగతి వేరుగా చెప్పాలి. 'స్టూడియోలో ఫోటో దిగాను' అన్న ఉద్దేశంతో 'ఐ టుక్ ఎ ఫోటో' అంటే కెమెరా మీరే పట్టుకున్నారని అర్థం. 'దిగాను' అనేది 'ఐ గాట్ మై ఫోటో టేకెన్', 'తీశాను' అనేది 'ఐ టుక్ ఎ ఫోటో'. ఆసుపత్రి మాటల్లోనూ జాగ్రత్త అవసరం. పన్ను పీకించుకుని వచ్చి 'ఐ రిమూవ్డ్ మై టూత్' అంటే విన్నవాళ్ళు కంగారు పడతారు, 'ఐ గాట్ మై టూత్ రిమూవ్డ్' అనండి. మా నాన్నగారికి ఆపరేషన్ చేయించాం అని చెప్పడానికి మాత్రం 'గెట్'తో కుస్తీ పట్టకుండా 'మై ఫాదర్ హ్యాడ్ యాన్ ఆపరేషన్' అంటే హాయిగా ఉంటుంది.

హెచ్చరిక: ఇదే ఆకారం ఒక్కోసారి కోరి చేయించుకోని పనికీ వస్తుంది. 'హీ గాట్ హిజ్ ఫింగర్ కాట్ ఇన్ ది డోర్' అంటే తలుపు సందులో వేలు పడి నలిగింది అని, ఎవరి చేతనో నలిపించుకున్నాడని కాదు. ఎవరైనా డబ్బిచ్చి చేయించుకునే పనా కాదా అని ఒక్క క్షణం ఆలోచిస్తే ఏ అర్థమో తెలిసిపోతుంది.

సరిచూసుకునే దారి: మీ ఇంగ్లీషు వాక్యం రాశాక 'ఈ పని చేసిన చెయ్యి ఎవరిది?' అని అడగండి. వాక్యం మొదట్లో ఉన్న మనిషిదే అయితే మామూలు క్రియ, వేరే మనిషిదైతే ఈ ఆకారం. ఇంగ్లీషువాళ్ళు కూడా 'ఐ బిల్ట్ ఎ హౌస్' అని యజమాని గురించి అంటుంటారు, అది నిజమే. ఇల్లంత పెద్ద పనికి ఆ వెసులుబాటు ఉంటుంది, జుట్టుకీ పన్నుకీ ఉండదు.

7. మధ్యలో మనిషి, తరువాత 'టు'తో క్రియ వస్తే: 'చేత చేయించు', 'ఒప్పించు'

'ఐ గాట్ ది ఎలక్ట్రీషియన్ టు ఫిక్స్ ది ఫ్యాన్' అంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫ్యాను బాగుచేయించాను. కాస్త బతిమాలో, నచ్చజెప్పో పని జరిపించుకున్నామన్న ఛాయ ఇందులో ఉంటుంది. ఆరో మెట్టుతో తేడా ఏమిటంటే, అక్కడ పని చేసిన మనిషి వాక్యంలో కనిపించడు, ఇక్కడ కనిపిస్తాడు.

'గెట్' తరువాత 'టు' తప్పనిసరి. 'హ్యావ్', 'మేక్' తరువాత ఆ 'టు' ఉండకూడదు. 'ఐ గాట్ హిమ్ టు సైన్', 'ఐ హ్యాడ్ హిమ్ సైన్', 'ఐ మేడ్ హిమ్ సైన్' అనే మూడింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకుని పదిసార్లు పైకి చదవండి. మొదటిదానిలో ఒప్పించాను, రెండోదానిలో పని అప్పగించి చేయించాను, మూడోదానిలో బలవంతపెట్టాను. 'మేడ్ హిమ్ టు సైన్' అన్న తప్పు ఆఫీసు ఈమెయిళ్ళలో అన్నిటికంటే ఎక్కువగా నా కంటపడుతుంది.

8. 'గెట్' వెంటనే 'టు'తో క్రియ వస్తే: అవకాశం, పరిచయం, 'హ్యావ్' తోడైతే తప్పనిసరి

'ఐ గాట్ టు సీ ది సీ ఇన్ విశాఖపట్నం' అంటే విశాఖలో సముద్రం చూసే భాగ్యం దక్కింది. 'ఐ హ్యావ్ గాట్ టు గో' అంటే వెళ్ళక తప్పదు. మాట్లాడేటప్పుడు ఈ రెండోదానిలో 'హ్యావ్' అరిగిపోయి 'ఐ గాటా గో' అని వినబడుతుంది, అప్పుడు సందర్భాన్ని బట్టే పోల్చుకోవాలి. అయిపోయిన విషయం గురించి సంతోషంగా చెబుతుంటే అవకాశం, చెప్పులు వేసుకుంటూ చెబుతుంటే తప్పనిసరి.

'ఐ గాట్ టు నో దట్ యూ ఆర్ సిక్' అని మన వాళ్ళు చాలామంది రాస్తారు. 'గెట్ టు నో' అనేది ఎక్కువగా మనుషుల విషయంలో వాడతారు, పరిచయం పెరగడాన్ని చెబుతుంది. ఒక సమాచారం తెలియడానికి 'ఐ హర్డ్' లేదా 'ఐ ఫౌండ్ ఔట్' అనండి.

'గెట్' పక్కన 'ఇంగ్' రూపం వస్తే అది మొదలవడం: 'వుయ్ గాట్ టాకింగ్' అంటే మాటల్లో పడ్డాం. దీనికి ఇంతకంటే వివరణ అవసరం లేదు.

9. 'హ్యావ్ గాట్' కనిపిస్తే: 'ఉంది'

'ఐ హ్యావ్ గాట్ టూ సిస్టర్స్' అంటే నాకు ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు. ఇందులో పొందడం లేదు, గతకాలం కూడా లేదు. ప్రశ్న అడగాలంటే 'హ్యావ్ యూ గాట్' లేదా 'డూ యూ హ్యావ్' అనాలి, 'డూ యూ గాట్' అనేది తప్పు. అమెరికాలో ఉన్న బంధువులు 'గాటెన్' అంటుంటే అది పల్లెటూరి మాట అనుకోకండి. అక్కడి వాడుకలో 'ఐ హ్యావ్ గాట్ ఎ టికెట్' అంటే నా దగ్గర టికెట్ ఉంది, 'ఐ హ్యావ్ గాటెన్ ఎ టికెట్' అంటే టికెట్ సంపాదించాను. బ్రిటన్ వాడుకలో రెండు చోట్లా 'గాట్' అనే అంటారు. ఏదో ఒక పద్ధతిని ఎంచుకుని దానికే కట్టుబడండి.

10. చిన్న తోకలను వాక్యంతో కలిపి రాసుకోండి

'గెట్ అప్' (లేచు), 'గెట్ ఓవర్' (జబ్బు నుంచో బాధ నుంచో తేరుకొను), 'గెట్ అలాంగ్' (పొసగు), 'గెట్ బై' (ఎలాగో నెట్టుకొచ్చు), 'గెట్ అవే విత్' (తప్పు చేసి తప్పించుకొను) లాంటివి ఆకారాన్ని చూస్తే తెలిసేవి కావు, వీటిని నేర్చుకోవలసిందే. అయితే వందేసి జాబితాలు తెచ్చుకోవద్దు. వారానికి ఐదింటిని తీసుకుని, మీ ఇంట్లో నిజంగా జరిగిన విషయంతో ఒక్కొక్కదానికి ఒక వాక్యం కట్టి నోటుపుస్తకంలో రాయండి. అత్తగారికీ మీకూ పొసగుతోందో లేదో రాసిన వాక్యం గుర్తుండిపోతుంది, పుస్తకంలో 'టామ్ అండ్ మేరీ' గురించి చదివినది గుర్తుండదు.

'గెట్' వాడకూడని చోటు

ఉద్యోగ దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు, కాలేజీ వ్యాసం, ప్రభుత్వ కార్యాలయానికి రాసే లేఖ: ఈ నాలుగింటిలోనూ 'గెట్' చనువుగా వినబడుతుంది. 'ఐ గాట్ యువర్ లెటర్' బదులు 'ఐ రిసీవ్డ్ యువర్ లెటర్', 'గాట్ పర్మిషన్' బదులు 'అబ్టెయిన్డ్ పర్మిషన్', 'గాట్ వర్స్' బదులు 'బికేమ్ వర్స్' అని మార్చండి. అలాగని మాటల్లో కూడా 'రిసీవ్డ్', 'అబ్టెయిన్డ్' అంటూ పోతే పక్కింటివాళ్ళతో గ్రాంథికం మాట్లాడినట్టుంటుంది.

ఫలితాన్ని సరిచూసుకోవడం

రెండు వారాలు గడిచాక ఈ పేరా చదవండి. ప్రతి 'గెట్'కీ ఏ మెట్టు వర్తిస్తుందో అంకె వేసి, తరువాత తెలుగులో చెప్పండి.

'ఐ గాట్ ఎ కాల్ ఫ్రమ్ మై బ్రదర్. హీ హ్యాడ్ గాట్ లాస్ట్ నియర్ ది స్టేషన్. బై ది టైమ్ ఐ గాట్ దేర్, ఇట్ వాజ్ గెటింగ్ డార్క్, అండ్ హిజ్ ఫోన్ హ్యాడ్ గాట్ వెట్ ఇన్ ది రెయిన్. ది నెక్స్ట్ డే వుయ్ గాట్ ఇట్ రిపేర్డ్. వుయ్ గాట్ టాకింగ్ టు ది షాప్ ఓనర్, అండ్ ఐ గాట్ హిమ్ టు లోయర్ ది ప్రైస్.'

జవాబులు ఇవి. తమ్ముడి దగ్గర నుంచి ఫోను వచ్చింది (2). స్టేషను దగ్గర వాడు దారి తప్పాడు (5 అన్నా, 3 అన్నా తప్పు కాదు, ఈ రెండు మెట్లూ ఇక్కడ కలిసిపోతాయి). నేను అక్కడికి చేరేసరికి (4) చీకటి పడుతోంది (3), వానకు వాడి ఫోను తడిసింది (3). మర్నాడు దాన్ని బాగుచేయించాం (6). షాపు యజమానితో మాటల్లో పడ్డాం (8), బేరమాడి ధర తగ్గించేలా ఆయన్ను ఒప్పించాను (7).

ఎనిమిదింటిలో ఆరు సరిగ్గా వస్తే మీరు చదివే ఇంగ్లీషులో మరో పేజీకి వెళ్ళవచ్చు. ఏడో ఎనిమిదో మెట్టు దగ్గర తప్పు వచ్చి ఉంటే 'టు' ముందు మనిషి ఉన్నాడా లేడా అన్నది మళ్ళీ చూడండి. 'ఫోను వచ్చింది' దగ్గర మీ పెన్సిలు 'ఫోను పొందాను' అని రాసి ఉంటే, మొహమాటపడకుండా ఆ ఒక్క మాట చెరిపేసి రెండో మెట్టును మరొక రోజు చేయండి.